న్యూయార్క్‌లో బ్యాంకు కూలితే కోకాపేటలో భూమి వాయిదాలు ఎందుకు ఆగాయి?

క్లుప్తంగా

2008 నాటి ప్రపంచ మాంద్యం హైదరాబాద్‌కు ఐటీ ఉద్యోగాల దారిలో వచ్చిందని అందరూ అనుకుంటారు. అందులో నిజం ఉంది, కానీ అది సగమే. సాఫ్ట్‌వేర్ జీతం, ఎన్నారై పంపే డాలరు, కంపెనీల లాభం, ప్రభుత్వ ఖజానా అప్పటికే భూమి ధరకు ముడిపడి ఉన్నాయి. దెబ్బ ఎక్కడ తగిలినా చివరికి తేలింది ఎకరాల దగ్గరే. పైగా హైదరాబాద్ రాష్ట్ర రాజధాని కావడంతో ఆ ప్రభావం నగరం పొలిమేరల్లో ఆగలేదు.

ఒకే ఏడాది, రెండు క్యాలెండర్లు

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం నుంచి రాకపోకలు మొదలయ్యాయి. సరిగ్గా వారం ముందు న్యూయార్క్‌లో బేర్ స్టెర్న్స్ అనే పెట్టుబడుల బ్యాంకు నిలబడలేక కారుచౌకగా మరో బ్యాంకు చేతికి వెళ్లింది. ఆ వార్తను హైదరాబాద్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. సెప్టెంబరు 15న మరో పెట్టుబడుల బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అదే నెలలో హైదరాబాద్ మెట్రోకు తొలి ఒప్పందం కుదిరింది. నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మొదటి భాగం తెరిచారు. జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ అప్పటికే అక్టోబరు చివర్లో 8 వేల దిగువకు జారి వచ్చింది. 2009 జనవరి 7న లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది.

ఈ తేదీలను పక్కపక్కన పెడితే ఒక విషయం స్పష్టమవుతుంది. నగరం తన రూపురేఖలు మార్చే పనులు చేపట్టిన నెలల్లోనే, ఆ పనుల వెనకున్న డబ్బు ఊట ఎండిపోవడం మొదలైంది. ఎండింది ఎక్కడ, ఎలా అన్నది చూడాలంటే ముందు ఐటీ కంపెనీ పంపే బిల్లు నుంచి మొదలుపెట్టాలి.

గంటకు ఇరవై డాలర్లు

హైదరాబాద్ ఐటీ కంపెనీలకు అమెరికా బ్యాంకులు, బీమా సంస్థలు పెద్ద ఖాతాదారులు. మాంద్యానికి కేంద్రం కూడా అవే. అయితే బ్యాంకుకు కష్టం రాగానే ఐటీ పని మొత్తం ఆగిపోదు. నడుస్తున్న వ్యవస్థలను చూసుకునే మెయింటెనెన్స్ పని ఉంటుంది. కొత్తగా కట్టాల్సిన ప్రాజెక్టులు వాయిదా పడతాయి. ఉన్న పనికి కూడా రేటు తగ్గించమని అడుగుతారు.

ఉదాహరణకు గంటకు 20 డాలర్ల చొప్పున బిల్లు వేసే కంపెనీని తీసుకుందాం. 2008 మొదట్లో డాలరు దాదాపు 39.50 రూపాయలు. అంటే గంటకు 790 రూపాయలు వస్తాయి. ఏడాది తిరిగాక ఖాతాదారు పట్టుబట్టి రేటును 18 డాలర్లకు దింపాడనుకుందాం. 2009 మార్చిలో డాలరు 51 రూపాయలు దాటింది. 18 డాలర్లే వచ్చినా రూపాయల్లో 918 అవుతుంది. రేటు పది శాతం పడినా రూపాయి ఆదాయం పెరిగింది! పతనమైన రూపాయి హైదరాబాద్ కంపెనీలను ఆ విధంగా కొంత కాపాడింది. రూపాయి బలపడుతుందని నమ్మి డాలర్లను ముందే పాత రేటుకు అమ్ముకుని ఫార్వర్డ్ ఒప్పందాలు రాసుకున్న కంపెనీలకు మాత్రం ఆ లాభం అందలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాఫ్ట్‌వేర్ ఎగుమతుల లెక్కలు దీనికి తగ్గట్టే ఉన్నాయి. ఆ ఎగుమతులు దాదాపు అన్నీ హైదరాబాద్ నుంచే జరిగేవి. 2007-08లో సుమారు 26 వేల కోట్ల రూపాయలున్నవి 2008-09లో 32 వేల కోట్లు దాటాయి. మాంద్యం పీక్‌లో ఉన్న ఏడాది ఎగుమతులు పెరిగాయంటే వింతగా ఉంటుంది గానీ, ఆ పెరుగుదలలో పెద్ద వాటా మారకం రేటుదే. అసలు బ్రేకు ఆ మరుసటి ఏడాది కనిపించింది. 2009-10లో లెక్క 33 వేల కోట్ల దగ్గరే ఆగింది. ప్రపంచంలో తుపాను రేగిన ఏడాదికి గానీ ఆ నీరు ఇక్కడి లెక్కల పుస్తకాల్లోకి రాలేదు.

భారం గేటు బయట ఉన్నవాళ్ల మీద

కంపెనీ లోపల ఉన్నవారికి ఇంక్రిమెంట్లు ఆగాయి, కొందరు ప్రాజెక్టు లేక బెంచ్ మీదికి వెళ్లారు, కొందరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఎక్కువ బరువు మాత్రం గేటు బయట ఉన్న కొత్త గ్రాడ్యుయేట్ల మీద పడింది. ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీకి చాలా తేలికైన పని, కొత్తవారిని తీసుకోకపోవడం. దాన్ని లేఆఫ్ అని ఎవరూ అనరు, వార్త కూడా కాదు.

సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేటలో అది కళ్లకు కట్టినట్టు కనిపించేది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోర్సుల పేర్లతో ఫ్లెక్సీలు, చేతిలో కుక్కే కరపత్రాలు, కిలోల లెక్కన జిరాక్స్ మెటీరియల్, గదికి నలుగురైదుగురు సర్దుకునే హాస్టళ్లు. మామూలు రోజుల్లో అది మూడు నాలుగు నెలల మజిలీ. కోర్సు అయిపోతుంది, ఇంటర్వ్యూ తగులుతుంది, మంచం ఖాళీ అవుతుంది, ఆ మంచం మీదికి ఇంకో ఊరి నుంచి ఇంకొకరు వస్తారు. 2009లో ఆ మంచాలు ఖాళీ కాలేదు. క్యాంపస్‌లో ఎంపికై ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నవారికి కూడా జాయినింగ్ డేట్ రాలేదు. కంపెనీలు నెలల తరబడి వాయిదా వేశాయి. ఊళ్లో చుట్టాలు ‘ఇంకా చేరలేదా’ అని అడిగేవారు. హాస్టల్ ఫీజుకు ఇంటి నుంచి పంపే డబ్బు మరో ఆరు నెలలు సాగేది. ఎగుమతుల పట్టికలో ఈ ఖర్చు ఎక్కడా కనిపించదు. దాన్ని మోసింది కరీంనగర్, కడప, శ్రీకాకుళం లాంటి జిల్లాల్లోని ఇళ్లు.

ఐటీ మీద ఆధారపడ్డవారి వరస ఇంకా పొడుగైనది. నైట్ షిఫ్టు ఉద్యోగుల కోసం ఈఎంఐల మీద ఇండికాలు, సుమోలు కొని కంపెనీలకు తిప్పే డ్రైవర్లు, మాదాపూర్ టిఫిన్ సెంటర్లు, క్యాంటీన్ కాంట్రాక్టర్లు అందులో కొందరే. ఒక ట్రిప్పు తగ్గితే డ్రైవరు ఆదాయం తగ్గుతుంది, వాయిదా తగ్గదు.

మనుషులు పంపే డబ్బు

రెండో దారి వలస. అమెరికా ఏటా ఇచ్చే సాధారణ హెచ్‌1బి వీసాలు 65 వేలు, అక్కడ పీజీ చేసినవారికి మరో 20 వేలు. 2007 ఏప్రిల్‌లో దరఖాస్తులు తీసుకోవడం మొదలైన మొదటి రోజే సాధారణ కోటాకు మించి వచ్చాయి. 2009లో అదే కోటా నిండటానికి డిసెంబరు 21 దాకా పట్టింది. ఆ ఏడాది అక్టోబరులో అమెరికా నిరుద్యోగం 10 శాతానికి చేరింది. ప్రభుత్వ సాయం తీసుకున్న బ్యాంకులు విదేశీయులను చేర్చుకోవడంపై 2009 ఫిబ్రవరిలో ఆంక్షలు కూడా వచ్చాయి.

ఇక్కడొక చిత్రమైన పరిస్థితి ఏర్పడింది. రూపాయి పడటంతో ప్రతి డాలరుకూ హైదరాబాద్‌లో ఎక్కువ గజాలు వచ్చే వీలుంది. కొనాల్సిన ఎన్నారైకి మాత్రం తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని టెన్షన్. చేతిలో డాలరున్నవాడు దాన్ని పంపకుండా దాచుకున్నాడు. మారకం రేటు ఎంత ఊరించినా భయం ముందు అది నిలవలేదు.

గల్ఫ్ దారిలో దెబ్బ ఇంకోలా తగిలింది. దుబాయ్‌లో భవన నిర్మాణాలు 2008 చివర్లోనే ఆగడం మొదలైంది. 2009 నవంబరులో దుబాయ్ వరల్డ్ సంస్థ అప్పుల వాయిదాలకు గడువు కోరింది. ఆ పనుల మీద వెళ్లినవారిలో కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాలవారు ఎందరో ఉన్నారు. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీరకముందే తిరిగొచ్చిన కూలీకి, జాయినింగ్ డేట్ రాని ఇంజినీరుకు దెబ్బ ఒక్కటే గానీ, తట్టుకునే శక్తి ఒక్కటి కాదు.

అసలు ముడి భూమి దగ్గర

పైన చెప్పిన దారులన్నీ వచ్చి కలిసేది భూమి దగ్గర. 2006 జులైలో నగరం పడమటి శివారు కోకాపేటలో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) వేసిన వేలంలో ఎకరం 14 కోట్ల దాకా పలికింది. అప్పటికి అది అందరినీ నివ్వెరపరిచిన ధర. పాడినవారి లెక్క సూటిగానే ఉంది: ఐటీ పెరుగుతుంది, జీతాలు పెరుగుతాయి, ఫ్లాట్లు అమ్ముడవుతాయి. ఆ లెక్కలో ఏ ఒక్క మెట్టు జారినా మొత్తం జారుతుంది. మాంద్యం వచ్చాక పాడుకున్నవారిలో కొందరు వాయిదాలు ఆపేశారు. భూమి హక్కులపై కోర్టు కేసులు కూడా నడుస్తుండటంతో కట్టకపోవడానికి కారణం దొరికింది.

నిర్మాణంలో ఉన్న ఒక అపార్ట్‌మెంటును చూస్తే ఈ గొలుసు బాగా అర్థమవుతుంది. కొన్నవాడు ఒక్కసారే డబ్బు కట్టడు. పునాదికి కొంత, ఒక్కో స్లాబు పడ్డాక కొంత బ్యాంకు విడుదల చేస్తుంది. బిల్డరు ఆ డబ్బుతోనే తర్వాతి స్లాబు వేస్తాడు. కొత్తగా బుక్ చేసేవాళ్లు ఆగిపోతే అమ్ముడుకాని ఫ్లాట్ల వాటా సిమెంటు, ఇనుము ఖర్చు బిల్డరు మీదే పడుతుంది. పని నెమ్మదిస్తుంది. ఇదివరకే కొన్నవాడు ఒకవైపు ఉంటున్న ఇంటికి అద్దె, ఇంకోవైపు రాని ఇంటికి వడ్డీ కడుతుంటాడు. అప్పటికి అతని ఉద్యోగం పోయిందా లేదా అన్నది రెండో ప్రశ్న. పోతుందేమోనన్న అనుమానంతో కొత్త కొనుగోలుదారు ఆగితే చాలు, పాత కొనుగోలుదారు ఇల్లు ఆగిపోతుంది.

మెట్రో బిడ్డు కూడా భూమి లెక్కే

ఈ ముడి ఎంత గట్టిదో చెప్పడానికి మెట్రో కథ చాలు. మెట్రో రైలు మామూలుగా నష్టాల వ్యవహారం. ప్రభుత్వం ఎంతో కొంత సాయం చేస్తే తప్ప ప్రైవేటు సంస్థలు ముందుకు రావు. 2008లో సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ నాయకత్వంలోని బృందం మాత్రం సాయం అక్కర్లేదని, ఒప్పంద కాలంలో ప్రభుత్వానికే 30,311 కోట్ల రూపాయలు ఎదురు ఇస్తామని ముందుకొచ్చింది. ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ దీన్ని ప్రశ్నిస్తూ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. ప్రాజెక్టుతో పాటు వచ్చే దాదాపు 300 ఎకరాల విలువైన భూమిని ఆయన ఎత్తి చూపారు.

టికెట్ల మీద వచ్చే డబ్బుతో ఆ వాగ్దానం నిలవదు. భూమి ధర ఏటా పెరుగుతూ పోతేనే అది నిలుస్తుంది. ఒప్పందం కుదిరిన నెలలోనే లేమన్ కూలింది, బ్యాంకులు అప్పులివ్వడం తగ్గించాయి. మేటాస్ బృందం నిధులు సమకూర్చుకోలేకపోయింది. 2009 జులైలో ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. మరుసటి ఏడాది మళ్లీ టెండర్లు పిలిస్తే ఎల్ అండ్ టీ 1,458 కోట్ల ప్రభుత్వ సాయం అడిగి పని దక్కించుకుంది. నగరం అదే, మార్గాలు అవే. 30 వేల కోట్లు ఇస్తామన్న చోట 1,458 కోట్లు ఇవ్వండి అనే దాకా వచ్చింది. బూమ్‌కూ మాంద్యానికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంతకన్నా స్పష్టంగా చూపే అంకెలు దొరకవు. రైలు పట్టాల మీదికి వచ్చేసరికి 2017 నవంబరు అయింది.

సత్యం దగ్గర కలిసిన దారులు

సత్యం కుంభకోణానికి మాంద్యం కారణం కాదు. లెక్కల్లో లాభాలను పెంచి చూపడం చాలా ఏళ్ల ముందే మొదలైంది. పుస్తకాల్లో ఉన్నట్టు చూపిన 5,361 కోట్ల నగదు నిల్వలో 5,040 కోట్లు అసలు లేవని రామలింగరాజు తన లేఖలోనే ఒప్పుకున్నారు. మాంద్యం చేసింది ఆ లెక్కను ఇక దాచలేని స్థితికి తేవడం.

అది ఎలా జరిగిందో గమనించాలి. ప్రమోటర్లు తమ వాటాలను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారు. షేరు ధర పడితే తాకట్టు విలువ చాలదు, అప్పిచ్చినవాళ్లు ఆ షేర్లను అమ్మేస్తారు. 2008 డిసెంబరులో అదే జరిగింది. ఆ నెల 16న సత్యం డబ్బు 160 కోట్ల డాలర్లతో మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను కొంటున్నట్టు ప్రకటించి, ఇన్వెస్టర్లు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను నింపడానికి చేసిన చివరి ప్రయత్నం అదేనని లేఖలో ఉంది. ఆ ఉన్న ఆస్తులంటే ముఖ్యంగా భూములు. కాగితం మీది నగదు బొక్కను నిజమైన ఎకరాలతో పూడ్చాలన్న ఆలోచన అది.

లేఖ వచ్చిన రోజు షేరు 179 రూపాయల నుంచి 40 రూపాయల దిగువకు పడింది. దాదాపు 50 వేల మంది ఉద్యోగులకు మరుసటి నెల జీతం వస్తుందా రాదా అన్న స్థితి. కేంద్రం పాత బోర్డును తప్పించి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ వంటి వారితో కొత్త బోర్డును వేసింది. కంపెనీని ముక్కలు చేయకుండా, ఖాతాదారులు పారిపోకుండా నిలబెట్టి, ఏప్రిల్‌లో షేరు 58 రూపాయలకు టెక్ మహీంద్రాకు అప్పగించారు. మూడు నెలల్లో జరిగిన ఆ పని వేల కుటుంబాలను కాపాడింది. ప్రభుత్వం, నిపుణులు ఆలస్యం చేయకుండా కదిలితే నష్టం ఎంత తగ్గుతుందో చెప్పడానికి అది మంచి ఉదాహరణ.

రాజధాని కావడం వల్ల ఏం మారింది

మామూలు నగరానికి మాంద్యం తగిలితే నష్టం అక్కడి వ్యాపారులది, ఉద్యోగులది. రాజధానికి తగిలితే ఖజానాకూ తగులుతుంది. రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్‌లో పన్ను వసూలు చేసేది మాత్రమే కాదు. భూమి అమ్మేదీ అదే, పెద్ద కాంట్రాక్టులు ఇచ్చేదీ అదే. రిజిస్ట్రేషన్ ఆదాయంలో నగరం, చుట్టూ ఉన్న రంగారెడ్డి ప్రాంతానిది పెద్ద వాటా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు డాక్యుమెంట్ రైటర్ల బల్లల దగ్గర రద్దీ పలచబడిందంటే, ఎక్కడో జిల్లాలో కాలువ పనికి బిల్లు ఆలస్యం అవుతుందని అర్థం.

డబ్బు పై నుంచి కిందికి మాత్రమే కాదు, కింది నుంచి పైకీ ప్రవహించింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో పొలం అమ్మిన డబ్బు, వ్యాపారంలో మిగిలిన డబ్బు దశాబ్దాల పాటు హైదరాబాద్ ప్లాట్లలోకి వెళ్లింది. ఒక రాష్ట్రం పొదుపు మొత్తం ఒకే నగరం భూమిలో పోగుపడటం ప్రమాదకరమైన అమరిక. 2014 విభజన సమయంలో హైదరాబాద్ చుట్టూ అంత ఉద్వేగం రగలడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

అన్నీ మాంద్యం ఖాతాలో వేయలేం

నేషనల్ హౌసింగ్ బ్యాంక్ ఇళ్ల ధరల సూచీలో 2007 స్థాయిని 100గా తీసుకుంటే, హైదరాబాద్ ఆ తర్వాత కొన్నేళ్ల పాటు 100కు దిగువనే ఉండిపోయింది. దీన్ని ప్రపంచ మాంద్యం ఒక్కదానికే అంటగడితే పొరపాటు. రిజర్వ్ బ్యాంక్ 2008 అక్టోబరు నుంచి 2009 ఏప్రిల్ మధ్య రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 9 శాతం నుంచి 4.75 శాతానికి దించింది. 2010లో ఐటీ నియామకాలు మళ్లీ పుంజుకున్నాయి. అయినా హైదరాబాద్ భూమి కదల్లేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటుపై కేంద్రం ప్రకటన చేసింది. తర్వాత నాలుగైదేళ్లు రాజధాని భవిష్యత్తు తేలలేదు. రాజధాని హోదా బూమ్‌లో ధరను పెంచినట్టే, ఆ హోదా ప్రశ్నార్థకమైనప్పుడు ధరను పట్టి ఉంచింది.

మందుల రంగం ఇంకో విధంగా నడిచింది. జీడిమెట్ల, పటాన్‌చెరు చుట్టూ ఉన్న ఈ పరిశ్రమను మాంద్యం అంతగా కుంగదీయలేదు. ఖర్చు తగ్గించుకోవాలనుకునే దేశాలు చౌకైన జెనరిక్ మందులనే వెతుకుతాయి, కాకపోతే ధర మీద గట్టిగా బేరమాడతాయి.

2023లో అదే కోకాపేట

2022-23లో ప్రపంచ టెక్ కంపెనీలు మళ్లీ ఉద్యోగాలు కోశాయి. 2023 జనవరిలో గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు అని ప్రకటించాయి. ఈ రెండింటికీ హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయాలున్నాయి. తెలంగాణ ఐటీలో 2022-23లో లక్షా 27 వేల కొత్త ఉద్యోగాలు వస్తే మరుసటి ఏడాది వచ్చినవి 40 వేల చిల్లర. ఈసారీ బరువు గేటు బయట ఉన్న ఫ్రెషర్ల మీదే పడింది. కానీ 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది.

రెండు సందర్భాలకూ తేడా అప్పులో ఉంది. 2008లో బ్యాంకులు ఒకదానినొకటి నమ్మక అప్పుల ప్రవాహమే ఆగింది. 2023లో వడ్డీలు పెరిగాయి గానీ అప్పు దొరకడం ఆగలేదు. విదేశీ సంస్థలు హైదరాబాద్‌లో సొంత కేంద్రాలు పెట్టుకోవడం కూడా పెరిగింది. అక్కడ పని తగ్గితే ఇక్కడ తగ్గుతుందన్న పాత సూత్రం కొంత సడలింది, ఖర్చు తగ్గించుకోవడానికి పనిని ఇక్కడికే పంపే కంపెనీలూ ఉన్నాయి. అయినా ఎకరం వంద కోట్లన్న ధరలో ఇరవై ఏళ్ల జీతాల ఆశ ముందే కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు తెలుగు ఇళ్లలో అంత ఆందోళన కలగడానికి కారణం వీసా ఒక్కటే కాదు. ఆ వీసాను నమ్ముకుని తీసుకున్న చదువు అప్పు, ఆ జీతాన్ని నమ్ముకుని బుక్ చేసిన ఫ్లాటు కూడా దాని వెనకున్నాయి.

ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధాని అమరావతిలో ఈ ముడి ఇంకా సూటిగా ఉంది. ల్యాండ్ పూలింగ్ (భూ సమీకరణ)లో 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతులకు పరిహారం ప్రధానంగా డబ్బు రూపంలో కాదు, ప్లాట్ల రూపంలో. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు దాదాపు 80 కోట్ల డాలర్ల చొప్పున అప్పు మంజూరు చేయడంతో రోడ్లు, కాలువలు, భవనాలకు డబ్బు వచ్చింది. ఆ 250 గజాల్లో ఎవరు దుకాణం తెరుస్తారు, ఎవరు ఆఫీసు పెడతారు, ఎప్పుడు పెడతారు అన్నది మాత్రం ఆ అప్పుతో తేలేది కాదు. కోకాపేటలో వేలం పాడినవాళ్లకు నష్టమనిపిస్తే వాయిదా ఆపే వీలుంది. అమరావతి రైతు తన వాటా మొత్తాన్ని ముందే కట్టేశాడు.